పన్నెండు మంది లూదీలు

కెర్వెన్స్ ఫోను ముందుకు చాపాడు గానీ ఎర్మిలియా దాన్ని అందుకోలేదు. ఆమె చేతులు మోచేతుల దాకా కర్రపెండలం గంజిలో ఉన్నాయి. మెడ సాచి, ఒక్క క్షణం చూసి, మళ్లీ కార్నివాల్ ముఖాల కోసం సిమెంటు సంచి కాగితాన్ని గంజిలో ముంచడంలో పడింది.

"ఈ ముఖమే అత్తా. పన్నెండు కావాలి, ఆదివారానికి."

ఆ ముఖాన్ని చూపించాల్సిన పని కూడా లేదు. ఎనిమిదేళ్ల కిందట, భూకంపం తర్వాత, ఈ జాక్మెల్ ఊరి ఫుట్‌బాల్ మైదానంలో గుడారాలు వేసిన రోజుల్లో ఎవరో విదేశీ కుర్రాళ్లు తీసిన ఇరవై సెకన్ల వీడియోలోది అది. తొమ్మిదేళ్ల పిల్ల, నోరు తెరిచి ఏడుస్తూ, మెడలో తాడుకి వేలాడుతున్న రేషన్ కార్డు. కార్డు మీద పేరు లూదీ. ఒక పెద్ద పాప్ గాయని ఆ ఏడుపుని తన పాటలో పెట్టుకుంది. నెల తిరక్కుండానే ఆ పిల్ల చచ్చిపోయిందన్న కబురు చేరితే పాటకి ఇంకో చరణం అతికించారు. అప్పట్నుంచి ఏటా జనవరిలో, పేరు కూడా సరిగ్గా పలకలేని దేశాల్లో, కాలేజీ పిల్లలు కంటి కింద పెన్నుతో నీలి చుక్క దిద్దుకుని 'లూదీ కోసం' అని చందాలు పోగు చేస్తున్నారు. కొందరు నిజంగానే ఏడుస్తారు కూడా.

కెర్వెన్స్‌కి ఇరవై రెండేళ్లు. కార్నివాల్‌లో అతనికో గుంపుంది, ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది. రెండింటి పనీ ఒకటే, ఊరిమీదికి దయ చూపించడానికొచ్చే వాళ్లని ఆటపట్టించడం. ఈ ఏటి వేషం అతను చేతులు తిప్పుతూ వివరించాడు. ఆరుగురు గులాబీ రంగు ముఖాలతో, పొడుగు కర్రలకి ఫోన్లు కట్టుకుని వస్తారు. పన్నెండు మంది ఏడ్చే పిల్లలు. గులాబీ ముఖాల వాళ్లు ఆ పిల్లల కళ్ల కింద సీసాలు పట్టి కన్నీళ్లు నింపుకుని, తాజా కన్నీళ్లు, తాజా కన్నీళ్లు అని కేకలేస్తూ వీధిలో అమ్ముకుంటారు. చెబుతూ చెబుతూ అతను నవ్వేశాడు. అంతలోనే, తాను ఎవరి ముందు నవ్వుతున్నాడో గుర్తొచ్చి నవ్వు మింగేశాడు.

లూదీ ఎర్మిలియా కూతురని ఊళ్లో తెలియనిదెవరికి?

"వేరే దుకాణంలో చేయించి, మీకు తెలియకుండా మీ గుమ్మం ముందే ఊరేగించడం నాకు బాగోలేదు అత్తా. అందుకే వచ్చా. వద్దంటే మానేస్తా, ఒట్టు."

ఎర్మిలియా చేతులకంటిన గంజిని వేళ్లతో దూసి గిన్నెలోకి విదిలించింది.

"ఎక్కడిదాకా నడుస్తారు?"

"సముద్రం దాకా. ఊరంతా తిరిగి."

"పన్నెండు మందీనా?"

"పన్నెండు మందీ."

"అయితే చేస్తాం," అంది ఎర్మిలియా. వెనక్కి తిరక్కుండానే, "నాదేజ్, మట్టి నానబెట్టు," అంది.

నాదేజ్ ఆమె చెల్లెలి కూతురు. వయసు పదిహేడు. ఈ దుకాణంలో ముఖాలకి మట్టి అచ్చులు తీసేది ఆ పిల్లే. పెద్దమ్మ చేతికి కాగితం లొంగినంతగా మట్టి లొంగదు. నాదేజ్ బకెట్టు తీసుకుని పెరట్లోకి నడిచింది. కెర్వెన్స్‌కి తెలియనిది, ఊరికి తెలియనిది, నీలి చుక్కలు దిద్దుకునే అన్ని దేశాల పిల్లలకీ తెలియనిది ఒకటుంది. ఆ ఫోనులో ఏడుస్తున్నది లూదీ కాదు. నాదేజే.

*

మంగళవారం పొద్దున్నే నాదేజ్ మట్టి పిసకడానికి కూర్చుంది. వాగు ఒడ్డు మట్టి, రాత్రంతా నానింది. రాయీ రప్పా ఏరి, మడమతో తొక్కి, ముద్దలు చేసి, చెక్క మీద దబదబా కొట్టింది. ఇంతవరకూ పనికి అడ్డు లేదు. ముక్కు దిద్దాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

చూసి చేయడానికి ఫోను అక్కర్లేదు. ఎదురుగా గోడ మీద పోస్టరుంది. 'లూదీ కోసం' వాళ్లు మొదటి ఏడాది పంచినదే. అంచులు పసుపుబారాయి, ఒక మూల బొద్దింకలు కొరికాయి. ఎర్మిలియా దాన్ని అంటించింది ముఖం కోసం కాదు. ఇల్లు కూలినప్పుడు ఫోటోలన్నీ దాని కిందే పోయాయి, లూదీ ముఖం ఎరిగిన ఆ పాత వీధి వాళ్లూ ఎటో చెదిరిపోయారు. తన కూతురి పేరు అచ్చులో పడింది ఈ లోకంలో ఆ కాగితం మీద ఒక్కచోటే. "ముఖం నీదైతేనేం, పేరైనా ఉంది కదే, ఉండనీ," అంది ఆ రోజు. తొమ్మిదేళ్ల నాదేజ్ ఏమంటుంది?

మొదట్లో నవంబరులో చనిపోయినవాళ్ల రోజున పెద్దమ్మ కొవ్వొత్తిని పోస్టరు కింద పేరు ఉన్నచోట పెట్టేది. రెండు మూడేళ్లకి కొవ్వొత్తి కొంచెం పైకి, ముఖానికి ఎదురుగా జరిగింది. ఈ మధ్య పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని ఆ ముఖంతో మాట్లాడుతోంది. గంజి చెడిపోయిందనో, ఎండ బాగా కాస్తోందనో, మామూలు మాటలే. అది వింటున్నప్పుడు నాదేజ్‌కి తాను ఇంట్లో లేనట్టుగా ఉంటుంది. తన పాత ముఖం ఇంకొకరి పేరు పెట్టుకుని గోడ మీద హాయిగా కాపురముంటోంది. తను మాత్రం కింద కూర్చుని మట్టి పిసుకుతోంది.

కనుబొమ్మల దగ్గరికి వచ్చేసరికి కొలత కోసం అలవాటుగా తన నుదురు తడుముకుంది. వేళ్ల మట్టి నుదుటికి అంటింది. అప్పుడే గుమ్మంలో మనుషుల అలికిడైంది. గోనెసంచి తడిపి గబగబా మట్టి మీద కప్పేసింది.

వచ్చినవాళ్లు ఐదుగురు, అందరూ ఇరవై ఏళ్ల లోపు వాళ్లే. అందరి చొక్కాల మీదా అదే ముఖం. ముందున్న అమ్మాయి పేరు అనూక్, మాంట్రియల్ నుంచి వచ్చింది. ఫ్రెంచిలో మొదలుపెట్టి, వచ్చీరాని ఇక్కడి క్రెయోల్ భాషలోకి దిగింది. తీరా విషయమేమిటంటే, శనివారం బడిలో లూదీ పేరు మీద చదువుకునే గది తెరుస్తున్నారు. పుస్తకాలు వచ్చేశాయి. అమ్మగారు వేదిక మీదికి రావాలి.

ఎర్మిలియా అందరికీ కాఫీ ఇచ్చింది, వేరుశనగ ముద్ద రాసిన రొట్టె కోసి పెట్టింది. అనూక్ కుర్చీలో కూర్చోలేదు. నేల మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. తనకి పదకొండేళ్లప్పుడు ఆ వీడియో చూసిందట. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. మర్నాడు తన సైకిల్ అమ్మేసి డబ్బు పంపించేసిందట. అప్పట్నుంచి తను చదివిందీ, తిరిగిందీ, ఈ ఊరొచ్చిందీ అంతా ఆ పిల్ల మూలంగానేనట. చెబుతూ ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాదేజ్ ఓరగా గమనించింది. దొంగ ఏడుపైతే ఎంత బాగుండేదో. కాదు, నిజం ఏడుపే.

"ఇంటర్నెట్‌లో మమ్మల్ని తిడుతున్నారు మేడమ్," అంది అనూక్ కళ్లు తుడుచుకుంటూ. "మేం కన్నీళ్లు అమ్ముకుంటున్నామంట. నాకూ ఒక్కోసారి నిజమేనేమో అనిపిస్తుంది. కానీ ఏం చేయకుండా ఇంట్లో కూర్చుంటే అది మాత్రం మంచిదా?"

ఎర్మిలియా ఆ పిల్ల తల నిమిరి రొట్టె తినమంది. కాసేపటికి అనూక్ గోడ వైపు చూసి అడిగింది.

"లూదీది ఇంకో ఫోటో ఏమైనా ఉందా? నవ్వుతున్నది. గదిలో పెడదామని."

"అన్నీ ఇంటికింద పోయాయమ్మా," అంది ఎర్మిలియా. పోస్టరు వైపు చెయ్యి చూపించింది. "ఇదే ఉంది. అది ఇలాగే ఉండేది."

పెద్దమ్మ అబద్ధమాడుతుంటే ఎలా ఉంటుందో నాదేజ్‌కి తెలుసు. కుడికన్ను కొంచెం చిన్నదవుతుంది. ఇప్పుడు రెండు కళ్లూ నిండుగా, నిర్మలంగా ఉన్నాయి.

*

ఆరు గులాబీ ముఖాలకి పాత అచ్చే సరిపోయింది, ఏడ్చే ముఖాలకి నాదేజ్ కొత్తగా మట్టి అచ్చులు నాలుగు చేసింది. ఒక్కోదాని మీదా మూడేసి కాగితపు ముఖాలు. బుధవారానికి మొదటి వరస ఎండలో పెట్టారు. చెయ్యి తిరిగిన పని కాబట్టి చెయ్యే చేసుకుపోయింది, మనసు ఎక్కడ తిరిగినా. గంజిలో ముంచిన కాగితం ముక్కని బుగ్గ మీద పరచడం, బొటనవేలితో బుడగలు లేకుండా నొక్కడం, దాని మీద అడ్డంగా ఇంకో ముక్క. తన బుగ్గ మీదే అతికించుకుంటున్నట్టుంది.

ఐదో అచ్చు ఎవరూ అడక్కుండా చేసింది. వంటపాక వెనక, పెద్దమ్మ లేవకముందే, తెల్లవారుతుండగా.

లూదీని గుర్తు తెచ్చుకోవడం కష్టమేం కాలేదు. ఎనిమిదేళ్లుగా తలుపు దగ్గర కాచుక్కూర్చున్నదానిలా వచ్చేసింది. పెద్ద నుదురు. ముందు పళ్ల మధ్య సందు. మామిడి టెంక తగిలి ఎడమ కనుబొమ్మలో చిన్న గీత. ఎడమ చెవి పైకొస ముందుకి మడత పడి ఉండేది. నవ్వితే పైపెదవి ఒకవైపే లేచేది. భూకంపంలో దాని కాలి మీద గోడ పడింది. పుండు చీము పట్టి గుడారంలో పడుకుని కూడా నాదేజ్‌ని చూసి ఎగతాళి చేసేది. నాదేజ్ కొండ మీది పల్లె నుంచి చదువుకోడానికి వచ్చి నెలే అయింది, రేషన్ జాబితాలో పేరు లేదు. అందుకని లూదీ కార్డు మెడలో వేసుకుని వరసలో నిలబడేది. పేరు పిలిస్తే లూదీనని పలికేది. ఇచ్చిన బిస్కెట్లలో రెండు దారిలోనే తినేసేది. లూదీకి తెలుసు. "మూతి తుడుచుకో పిల్లా," అనేది పడుకునే.

రేషన్ ఇచ్చే గేటు నాదేజ్ కళ్లముందే మూసేసిన రోజున, ఉత్తచేతులతో ఎలా వెళ్లాలా అని ఏడుస్తుంటే, ఎవరో కెమెరా పట్టారు. కార్డు మీద పేరు చదివి రాసుకున్నారు. అంతే జరిగింది. రెండు వారాలకి లూదీ పోయింది.

గురువారం సాయంత్రం కెర్వెన్స్ పని ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి వచ్చాడు. ఎర్మిలియా బజారుకెళ్లింది. అతను ఒక్కొక్క ముఖం చూసి ఈల వేసి, ఎండలో ఆరుతున్నవి లెక్కపెడుతూ వంటపాక వెనక్కి వెళ్లాడు. నాదేజ్ ఆపేలోపే గోనె ఎత్తేశాడు.

"ఇదెవరు?"

"ఎవరైతే నీకేం?"

"భలే ఉందే. మీసం పెడితే మంత్రిగారి కూతురిలా ఉంటుంది." నాదేజ్ నవ్వలేదు. అతను తగ్గాడు. "చెప్పవే. ఎవరు?"

"లూదీ."

"లూదీ అక్కడుంది కదా, ఎండలో, పన్నెండు మంది."

నాదేజ్‌కి ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల నుంచి ఎవరితోనూ అనని మాట, తీరా ఈ వేళాకోళగాడి ముందు బయటపడింది.

"ఆ ఏడుపు నాది. లూదీ ఇది. లూదీ ఎప్పుడూ ఏడ్చింది లేదు."

కార్డు సంగతి చెప్పింది. బిస్కెట్ల సంగతి కూడా చెప్పింది. కెర్వెన్స్ తలకిందులుగా పెట్టిన బకెట్టు మీద కూర్చుని విన్నాడు. మొదట అతని ముఖంలో జాలి వచ్చింది. ఆ తర్వాత, పాపం దాచుకుందామని చూశాడు గానీ, ఇంకోటి వచ్చింది.

"నాదేజ్, ఇది కెమెరా ముందు చెప్పు. రెండు నిమిషాలు. ప్రపంచం అదిరిపోతుంది. ఇన్నేళ్లు వాళ్లు ఏడ్చింది ఎవరి కోసమో వాళ్లకే తెలియదని తేలిపోతుంది. నా వేషం దీని ముందెంత?"

"పెద్దమ్మకి గది ఇస్తున్నారు శనివారం. ఆవిడ వేదిక ఎక్కాలి."

"ఎక్కనీ. నిజం నిజమేగా."

"అయితే వేషానికి ఈ ముఖం పెట్టుకో. ఇదే నిజం. పన్నెండు చేసిస్తా."

కెర్వెన్స్ మట్టి ముఖం వైపు చూశాడు. అబద్ధం చెప్పలేదు, అది అతని మంచితనం.

"ఈ పిల్లని ఎవరూ గుర్తుపట్టరు," అన్నాడు. "గుర్తుపట్టకపోతే జనం నవ్వరు."

ఎవరికీ చెప్పనని ఒట్టేసి వెళ్లాడు. నాదేజ్ గోనె కప్పింది. అక్కడ అనూక్‌కి కావలసిందీ ఆ ఏడుపే, ఇక్కడ కెర్వెన్స్‌కి కావలసిందీ ఆ ఏడుపే. ఒకరు మెచ్చుకోడానికి, ఒకరు తిట్టడానికి. లూదీ ఇద్దరికీ అక్కర్లేదు. లూదీ కావలసింది కన్నతల్లికి. ఆవిడకి చూపిస్తే చాలు, ఇంకెవరూ గుర్తుపట్టకపోయినా పర్వాలేదు అనుకుంది. చూపించాలన్న ఆ కోరిక మనసులో పడ్డాక ఆ రాత్రే ఐదో అచ్చు మీద కాగితం పరిచింది.

*

శనివారం ఎర్మిలియా ఊదారంగు గౌను ఇస్త్రీ చేయించి వేసుకుంది, తెల్ల గుడ్డ తలకి కట్టింది. బడి గదిలో పెట్టడానికని పోస్టరు గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీయించింది. బడిలో కొత్త గదికి నీలం రంగు వేశారు. అల్మరాల నిండా ఫ్రెంచి పుస్తకాలు. అసలే ఇరుకు గది, పైగా సగం ఊరు వచ్చింది. విదేశీ పిల్లలు కళ్ల కింద నీలి చుక్కలు దిద్దుకుని ఒక పక్క నిలబడ్డారు. వెనక గోడకి ఆనుకుని కెర్వెన్స్, చేతిలో ఫోను పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు.

అనూక్ రాసుకొచ్చిన కాగితం చదివింది. తర్వాత ఎర్మిలియాకి మైకు అందించింది. ఆవిడ ఇంతవరకూ మైకు పట్టుకుని ఎరగదు. పోస్టరు పక్కన నిలబడి, ఒక అరచెయ్యి దాని మీద ఆనించి మాట్లాడింది.

"మా లూదీ ఎడమ చెవి పైన మడత పడి ఉండేది. పుట్టుకతోనే అంతే. నేను ఆముదం రాసి, గుడ్డ కట్టి, ఎన్నాళ్లు సరిచేద్దామని చూశానో. తెల్లారేసరికి మళ్లీ మడత. నవ్వితే పళ్ల సందులోంచి ఈల వచ్చేది. కనుబొమ్మ మీద టెంక దెబ్బ. ఏడుపు అనేది దానికి రాదు. కాలు కుళ్లిపోతుంటే కూడా నన్ను నవ్వించింది."

జనం ముక్కులు ఎగబీల్చారు. నాదేజ్ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. పెద్దమ్మ ఒక్కటీ మరిచిపోలేదు. చెవి, సందు, గీత, ఈల, అన్నీ ఉన్నాయి. మట్టిలో తను తీసినదంతా ఆవిడ నోట వస్తోంది. మాటలన్నీ అలా చెబుతూనే ఆవిడ అరచెయ్యి మాత్రం పోస్టరులోని తిన్నని చెవి మీద, ఏడుస్తున్న నోటి మీద నిమురుతూనే ఉంది. రెండూ ఒకే పిల్లవన్నట్టు.

అనూక్ ఆవిడ మాటలు విని పోస్టరు వైపు చూసింది. ఒక చెవి చూసింది, రెండోది చూసింది. నోరు తెరవబోయింది. చుట్టూ ఉన్న జనాన్నీ, కొత్త అల్మరాల్నీ చూసి నోరు మూసుకుంది. ఆ తర్వాత అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. కెర్వెన్స్ ఎప్పుడో ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రం అతను బండి తెచ్చి గులాబీ ముఖాలు మాత్రమే ఎక్కించాడు. ఏడ్చే పన్నెండింటినీ గోడకి ఆనించి వదిలేశాడు. వేషం మార్చామనీ, ఈ ఏటికి వేరే ఏదో చూసుకుంటామనీ, మాట తడబడుతూ చెప్పాడు. పొద్దున విన్నాక తన వల్ల కాదని అతని ముఖమే చెబుతోంది.

ఎర్మిలియా బండికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నడుస్తారన్నావు కదయ్యా. సముద్రం దాకా అన్నావు."

"అది మిమ్మల్ని..."

"నన్నేం చేస్తుంది? నవ్వుకుంటే నవ్వుకోనీ. అది బతికుండగా కూడా జనాన్ని నవ్వించేది. ఎనిమిదేళ్లైంది అది గోడ దిగి వీధిలో నడిచి. పన్నెండు మందీ నడవాలి. తీసుకెళ్లు."

కెర్వెన్స్ నాదేజ్ వైపు చూశాడు. నాదేజ్ తల వంచుకుని ముఖాలు ఒక్కొక్కటే బండి మీదికి అందించింది. పన్నెండు సార్లు తన ఏడుపుని తనే ఎత్తి ఇచ్చింది.

ఐదో అచ్చు మీది ముఖం రెండు రోజులు పూర్తిగా ఎండింది. ఎండలో కొట్టి చూస్తే డప్పులా మోగింది. రాత్రి దీపం దగ్గర కాక, పొద్దు ఉండగానే రంగు వేసింది. బుగ్గలకి గోధుమరంగు, పెదవి చివర నవ్వు, కనుబొమ్మలో గీత. రేపు ఆ పన్నెండు మంది వెనకే ఇది పెట్టుకుని నడవాలని నిశ్చయించుకుంది. గదిలో, నాలుగు గోడల మధ్యన, తను చెబితే పెద్దమ్మ తట్టుకోలేదు. వీధిలో, డప్పుల మధ్య, ఎదురుగా నడిచి వస్తే తల్లి ప్రాణం దానంతటదే పట్టుకుంటుంది. ఇన్ని గుర్తులు ఉన్నాక పట్టుకోకుండా ఎలా ఉంటుంది? పొద్దున ఆవిడ నోటితోనే విన్నది కదా.

*

ఆదివారం మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. బొగ్గూ చెరకు పాకమూ ఒంటికి పూసుకుని తాళ్లు ఝళిపించే గుంపు ముందు వెళ్లి జనాన్ని గోడలకి నొక్కేసింది. వెనక కాగితపు మొసళ్లు, ఏనుగులు, కోరలు పెట్టుకున్న సైనికులు. వెదురు బాకాల హోరుకి కిటికీ రెక్కలు అదిరాయి. ఎర్మిలియా గుమ్మం మెట్టు మీద ఊదారంగు గౌనులోనే నిలబడి ఉంది.

నాదేజ్ పక్కసందులో ఒంటి నిండా దుప్పటి చుట్టుకుని ముఖం తొడుక్కుంది. లోపల గంజి వాసన, రంగు వాసన. కంటి రంధ్రాల్లోంచి వీధి రెండు చిన్న ముక్కలుగా కనిపిస్తోంది. కెర్వెన్స్ గుంపు మలుపు తిరిగింది. గులాబీ ముఖాల వాళ్లు ఫోన్లు ఊపుతూ, సీసాలు పట్టుకుని, తాజా కన్నీళ్లంటూ అరుస్తున్నారు. జనం పడీపడీ నవ్వుతున్నారు. ఎదురుగా అరుగు మీద అనూక్, నీలి చుక్క తుడిచేసుకున్న ముఖంతో, చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. పన్నెండు మంది ఏడ్చే పిల్లలు ఇద్దరిద్దరుగా వచ్చారు.

నాదేజ్ వాళ్ల వెనక చేరింది.

గుమ్మం దగ్గరికి రాగానే ఎర్మిలియా మెట్టు దిగింది. మొదటి ఇద్దరి బుగ్గలు తాకింది. "నడువు తల్లీ," అంది. తర్వాత ఇద్దరు. ముఖాల కింద ఉన్నవాళ్లు మీసాలొచ్చిన కుర్రాళ్లు. ఏం చేయాలో తెలియక ఒక్కొక్కడూ వంగి బుగ్గ అందించాడు. ఆవిడ ఎవర్నీ తొందరపెట్టలేదు. ఒకడి మెడలో కార్డు తిరగబడితే సరిచేసింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నాదేజ్ ఆ వెలుగుని ఈ ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

పదకొండు, పన్నెండు కూడా వెళ్లారు. నాదేజ్ ఎదురుగా నిలబడింది.

ఎర్మిలియా కళ్లు ఆగాయి. చూసింది. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి కాగితపు గడ్డం పట్టుకుంది. ముఖాన్ని మెల్లగా ఇటు తిప్పింది, అటు తిప్పింది. నుదురు మీద, కనుబొమ్మ గీత మీద వేలు పోనిచ్చింది. పెదవి మీద నవ్వుని చూసి తనూ కాస్త నవ్వింది. వేలు జారి ఎడమ చెవి దగ్గర ఆగింది. మడతని తడిమింది. మళ్లీ తడిమింది.

"చక్కటి పని," అంది. "ఎవరి దుకాణంలోదమ్మా?"

నాదేజ్ ఆ చెవి బాగా కనిపించేలా తల పక్కకి తిప్పింది.

"ఈ చెవి ఒక్కటే మడత పడింది. తడి ఆరకుండానే మట్టి మీంచి లాగేశారు. మీవాళ్లకి చెప్పు, ఇంకో రోజు ఎండలో ఉంచమని."

బాకాలు దూరమవుతున్నాయి. పన్నెండు మందీ వీధి పల్లంలోకి, సముద్రం వైపు దిగిపోతున్నారు. ఎర్మిలియా మునివేళ్ల మీద లేచి అటు చూసింది. నాదేజ్ భుజం మీద చెయ్యి వేసి, పరాయి పిల్లతో ఎంత మెత్తగా మాట్లాడాలో అంత మెత్తగా అంది.

"కాస్త పక్కకి జరుగు తల్లీ. మా లూదీ కనబడటం లేదు."

నాదేజ్ పక్కకి జరిగింది.